రెండొందల నాలుగులో మర్యాదలు

"రెండొందల నాలుగులో ముసిలామె నిన్నట్నించి అన్నం ముట్టలేదంట. పోయి సూడు. ఆమెకు ఏం తక్కువైనా నిన్నే అడుగుతా," అన్నాడు మేనేజరు కేశవ.

సునంద అప్పుడు పక్క గదిలో పరుపు మూల ఎత్తిపట్టుకుని దుప్పటి అంచు కిందికి మడుస్తోంది. ఆ మడత పూర్తి చేసి తలెత్తింది.

"ఎవురన్నా ఆమె?"

"ఓనరుకు కావల్సినోళ్ళ మనిషి. అంతకంటే నీకెందుకు?"

కేశవ మాట ఎప్పుడూ అంతే. మంచినీళ్ళు అడిగినా గొడవకు వచ్చినట్టుంటుంది. కానీ గదుల విషయంలో అతనికి సునంద కావాలి. అనంతపురం బస్టాండుకు దగ్గర్లో ఈ హోటలు తెరిచినప్పుడు బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి పనివాళ్ళకు రెండు రోజులు పాఠం చెప్పాడు. అతిథి నోరు తెరవకముందే వాళ్ళ అవసరం తెలుసుకోవాలన్నాడు. మిగతావాళ్ళు టీ తాగి మరిచిపోయారు. సునంద మరవలేదు. దిండు ఏ వైపు నలిగిందో చూసి మనిషి ఎటు తిరిగి పడుకుంటాడో చెప్పేది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారికి అగరొత్తుల పొగ పడదని, విత్తనాల కంపెనీ ఆయనకు స్నానానికి చెంబు కావాలని అడక్కుండానే కనిపెట్టింది. కనిపెట్టినదాన్ని కిందికి పోయి కేశవకు చెప్తే అతను రాసుకునేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు అన్నీ సిద్ధంగా ఉండేవి. శింగనమల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఆమెకు ఈ పనిలో ఉన్న గౌరవం అదొక్కటే.

రెండొందల నాలుగు తలుపు తట్టింది. ఎవరూ పలకలేదు. తోసుకుని లోపలికి పోయింది.

గది చల్లగా గడ్డకట్టినట్టుంది. ఏసీ పద్దెనిమిది మీద ఉంది. మంచం చెక్కుచెదరలేదు. మంచానికీ గోడకీ మధ్య సందులో, ఒళ్ళో గుడ్డమూట పెట్టుకుని, కొంగు చెవుల చుట్టూ బిగించి, అరవై దాటిన మనిషి గొంతుక్కూర్చుని ఉంది. నల్లగా, ఎండకు కాగిన మొహం. ఎదురుగా బల్ల మీద జీడిపప్పు పులావు ప్లేటు మూత తియ్యకుండా ఉంది.

"ఈ గాలి ఎవురు ఇడిసినారు మే? నిలుపు ముందు," అందామె. "జైల్లో యేసినట్ల యేసినారు నన్ను."

సునంద ఏసీ ఆపి కిటికీ తెరిచింది. వేడిగాలి, కింద రోడ్డు మోత ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ముసలామె కొంగు వదులు చేసింది.

"నా పేరు సునంద. మీ పేరేంది అవ్వా?"

"నల్లమ్మ. విడపనకల్లు పక్కన మా ఊరు. గొర్లు మేపుకునేదాన్ని. ఇంగేమన్నా అడగల్లా?"

సునంద ఇంకేమీ అడగలేదు. మంచం మీది పరుపు లాగి గోడకు నిలబెట్టింది. చాప తెచ్చి కిటికీ కింద పరిచింది. బాత్రూములో వేడినీళ్ళ కుళాయికి ఎర్రదారం కట్టి, ఇది తిప్పితే కాలుతుందని చూపించింది. నల్లమ్మ అదంతా చూస్తూనే ఉంది గానీ కదల్లేదు. తర్వాత సునంద వంటింట్లోకి పోయి రాగిముద్ద ఉందా అని అడిగితే, వంటమనిషి జాకబ్ "ఏసీ రూములోళ్ళకు ముద్దలు ఎవురు ఆర్డరిస్తారక్కా?" అని నవ్వాడు. చివరికి తన క్యారియరే తెచ్చి విప్పింది. రాగిముద్ద, శెనక్కాయల ఊరుబిండి.

నల్లమ్మ వాసన చూసింది. గుటక మింగింది. అయినా చెయ్యి పెట్టలేదు.

"ముందు నువ్వు తిను."

"నేను మధ్యాన్నం తింటా లే అవ్వా."

"తినమంటాండానా! నా కండ్ల ముందర తిను."

సునందకు మొహం మీద కొట్టినట్టయింది. పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది, తను పెట్టినదాంట్లో విషముందని ఎవరూ అనుకోలేదు. ముద్దలో ఒక కబళం తుంచి, ఊరుబిండి అద్దుకుని నోట్లో వేసుకుంది. ఆమె మింగేదాకా నల్లమ్మ చూసి, అప్పుడు క్యారియరు తన వైపు లాక్కుంది. ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, చేతులు కడుక్కుని, "పో ఇంగ," అంది.

కింద హాల్లో సోఫా మీద ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. అందులో ఒకతను తెల్లచొక్కా, సన్నంగా దువ్విన మీసం. పేరు శశికుమార్ అని కేశవ పిలుస్తుంటే తెలిసింది. సునంద మెట్లు దిగుతూనే ఇద్దరూ తలెత్తారు.

"తినిందా?" అన్నాడు కేశవ.

"తినింది."

"ఏం మాట్లాడింది?"

"జైల్లో యేసినట్ల ఉందంట."

శశికుమార్ నవ్వాడు. "రెండు దినాలు సుకంగా ఉండమనండి. బాగా సూసుకుంటాండావమ్మా," అన్నాడు సునందతో. మాట మెత్తగానే ఉంది. కళ్ళు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి.

బుధవారం సునంద ఇంటినుంచే రెండు ముద్దలు కట్టుకుని వచ్చింది. ఒక చిన్న మట్టికుండ, ఆముదం సీసా కూడా సంచిలో వేసుకుంది. నిన్న లేచేటప్పుడు నల్లమ్మ కుడి మోకాలు పట్టుకుని లేచింది. అది చూసి ఊరుకోవడం సునందకు చేతకాదు.

ఈసారి కబళం తినమని అడగలేదు నల్లమ్మ. కుండలో నీళ్ళు పోస్తుంటే "ఏంటికి ఇదంతా?" అని మాత్రం అంది. ఆముదం వెచ్చచేసి మోకాలికి రాస్తుంటే కాలు వెనక్కి లాక్కోబోయి, మళ్ళీ వదిలేసింది. ఎండిన కట్టెలాంటి పిక్క. పాదాల పగుళ్ళలో ఎర్రమన్ను ఇంకా ఉంది.

"చేతులు మెత్తగుండాయి నీవి," అంది కాసేపటికి. "నా కూతురువి కూడా ఇట్లే ఉంటాయి."

"యాడుంది కూతురు?"

"తనకల్లు కాడ ఇచ్చినాం. మూడు నెలలాయ కాన్పయి. మొగపిల్లోడు. ఇంగా మొహం సూడలేదు నేను. గొర్లను ఇడిసిపెట్టి యాడికి పోదును? ఇప్పుడన్నా చిన్నక్క సూసుకుంటానని ఒప్పుకునింది గాబట్టి వచ్చినా." ఆమె గొంతులో కరుకుదనం మొదటిసారి సడలింది. "వానికి నా మొగుని చెవులంట. ఫోన్లో చెప్పింది. ఆ చెవులు ఎట్లుండాయో సూడల్లని ఒకటే యావ."

సునంద నవ్వింది. మోకాలి కింద వేళ్ళతో ఒత్తుతూ "మరి ఈడికి ఏం పనిమీద వచ్చినావవ్వా?" అంది.

నల్లమ్మ మూట విప్పి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. కోర్టు సమను. గురువారం పదిన్నరకు సాక్షి హాజరు కావాలి.

"మాతో గొర్లు మేపే ఎర్రప్పను క్వారీ టిప్పరు తొక్కేసింది. సంవత్సరమాయ. బండి నుంచి దిగినోన్ని నేను సూసినా. డ్రైవరు కాదు, ఆ క్వారీ యజమాని కొడుకు, ఇరవై ఏండ్లోడు. దిగి, సూసి, మళ్ళా ఎక్కి పోయినాడు. తెల్లారి స్టేషనులో ఇంగెవరో జీతగాడు నేనే తోలినా అని చెప్పినాడంట." ఆమె కాగితం వెనక్కి తీసుకుని జాగ్రత్తగా మడిచింది. "బస్సు తప్పిపోతే కోర్టోళ్ళు ఊరుకోరు, ముందుగానే పోయి ఉండు, రూము కోర్టోళ్ళే ఇచ్చినారు అని మా ఊరి ఈశ్వరప్ప కారెక్కించినాడు. నాకు గడియారం సూసేది తెల్దు పాపా. రేపు పదయితానే చెప్పు."

సునంద చేతులు మోకాలి మీదే ఆగిపోయాయి. కోర్టువాళ్ళు ఏసీ గది ఎవరికి ఇస్తారు? ఓనరుకు కావలసినవాళ్ళ మనిషి అన్నాడు కదా కేశవ. అడగాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. కానీ చేతులకు ఆముదం, ఇంకా ఎనిమిది గదులు ఊడవాలి, ఉద్యోగం కేశవ చేతిలో. "చెప్తా అవ్వా," అని లేచింది.

కింద కేశవ పెన్ను పట్టుకుని తయారుగా ఉన్నాడు. "ఏమంటాంది?"

కేసు సంగతి చెప్పకూడదనిపించింది. అయినా ఏదో ఒకటి చెప్పకపోతే అతను వదలడు. కూతురి గురించి చెప్పింది. తనకల్లు, మూడు నెలల మనవడు, తాత చెవులు. గడియారం చూడటం రాదని కూడా చెప్పింది. పసిబిడ్డ ముచ్చట ఎవరికేం హాని చేస్తుంది అనుకుంది. కేశవ అంతా రాసుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఉతికిన తువ్వాళ్ళు చేతులమీద పేర్చుకుని పోతుంటే రెండొందల నాలుగు తలుపు తెరిచి ఉంది. శశికుమార్ కుర్చీ వేసుకోకుండా చాప పక్కనే కింద కూర్చున్నాడు. అతని చేతిలో పసిపిల్లవాడి జుబ్బా, చిన్న టోపీ ఉన్నాయి.

"కోర్టు పదైదు దినాలు వాయిదా పడిందవ్వా. జడ్జీ సెలవు. ఇంత దూరం వచ్చి ఉత్తగా పోతావా? పొద్దున ఎనిమిదిన్నరకు కారు పెడతా. తనకల్లుకు పోయి మనవన్ని సూసుకుందువు. తాత చెవులంట కదా!"

నల్లమ్మ టోపీని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. ఆమె మొహం సునంద ఇంతవరకూ చూడని మొహం. దవడలు వదులై, నోరు కొంచెం తెరుచుకుని, ఎక్కడో ఆ బిడ్డ ముందు కూర్చున్నట్టుంది. "నీకెట్ల తెలుసు సామీ?"

"ఈయమ్మ చెప్తేనే తెలిసింది," అని శశికుమార్ గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "నీమీద ఎంత ప్రేమ ఆమెకు!"

నల్లమ్మ సునందను చూసి నవ్వింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. సునంద చేతుల్లో తువ్వాళ్ళు జారాయి. వంగి ఏరుకుంది. ఒక్కొక్కటే దులిపి మళ్ళీ మడిచింది.

నేరుగా కిందికి పోయి కౌంటరు ముందు నిలబడింది. "కోర్టు నిజంగానే వాయిదా పడిందా అన్నా?"

కేశవ తల ఎత్తకుండా అన్నాడు: "నీకు కోర్టుతో ఏం పని?"

"ఆయమ్మ సాక్షి. రేపే. కాగితం సూసినా."

అప్పుడు తలెత్తాడు. చుట్టూ చూసి, కౌంటరు మీదికి వంగాడు. "ఇను. ఈ హోటల్లో సగం ఆ క్వారీ ఆయనదే. నువ్వు తినే కూడు ఆయనదే. ఆ ముసిల్దాన్ని ఎవరన్నా కొట్టినారా? తిట్టినారా? మనవన్ని సూపిస్తాండారు. నీ చేతి మర్యాదకు ఆయన మెచ్చుకున్నాడు, తెలుసా? రేపు నువ్వు రావద్దు. సెలవు పెట్టుకో. ఎల్లుండి వచ్చి నోరు మూసుకోని పని చేసుకో. లేదంటే ఈ టౌన్లో ఏ లాడ్జిలో కూడా చీపురు పట్టుకోనీను."

సాయంత్రం శింగనమల బస్సులో సునందకు కూర్చోవడానికి సీటు దొరికింది. కండక్టరు రెండుసార్లు పిలిస్తేగానీ టికెట్టు తీసుకోలేదు. మోకాలికి ఆముదం రాసిన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది. వాసన ఇంకా పోలేదు.

గురువారం మొదటి బస్సుకే వచ్చి, ఏడున్నరకు వెనక గేటు గుండా లోపలికి పోయి, పని చీర కట్టుకుంది. దుప్పట్ల బండి తోసుకుంటూ రెండో అంతస్తుకు చేరేసరికి, మొన్న సోఫా మీద శశికుమార్‌తో ఉన్న రెండో మనిషి రెండొందల నాలుగు ముందర కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాడు.

"నీకు ఈ పొద్దు సెలవన్నారే?"

"రూము ఖాళీ చేసినంక తువ్వాల పోయింది, దుప్పటి పోయింది అంటే ఎవురు జవాబు చెప్పల్ల? నువ్వు చెప్తావా?" అంది సునంద. గొంతు తనదిలా లేదు. ఆ మనిషి విసుగ్గా కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు.

నల్లమ్మ తలకు నూనె రాసి, చీర మార్చుకుని, మూట కట్టుకుని కూర్చుంది. మూట ముడిలోంచి టోపీ అంచు కనిపిస్తోంది. సునంద తలుపు దగ్గరగా వేసి ఆమె ముందు కూర్చుంది.

"అవ్వా, కోర్టు వాయిదా పడలేదు. ఈ రూము కోర్టోళ్ళది కాదు. ఆ క్వారీ ఆయనది. నిన్ను ఈ పొద్దు కోర్టుకు రానీకుండా చేయనీకి కారు పెట్టినారు."

నల్లమ్మ మూట ముడి మీద చెయ్యి వేసింది. తర్వాత మెల్లగా, ఒక్కో మాట ఏరుకున్నట్టు అడిగింది: "నా మనవని సంగతి వానికి చెప్పింది నువ్వే కదా?"

"నేనే."

"నాకు గడియారం రాదని?"

"అదీ నేనే చెప్పినా."

నల్లమ్మ చెయ్యి లేచింది. చెంప మీద పడలేదు; సునంద భుజం మీద పడింది, గొర్రెను అదిలించినంత గట్టిగా. "ముద్ద తెచ్చినావు. నూనె రాసినావు. ఒక్కొక్కటీ బయటికి లాక్కున్యావు. నిన్న వాడు మంచోడు. ఈ పొద్దు నువ్వు మంచిదానివి. నేనెవర్ని నమ్మల్ల మే? మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా!"

నమ్మించడానికి సునంద చేతిలో ఏమీ లేదు. కిటికీ బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి.

నల్లమ్మ మూట విప్పింది. జుబ్బా, టోపీ తీసి గోడకు ఆనించిన పరుపు మీద పెట్టింది. టోపీ మీద చెయ్యి కాసేపు ఉంచి తీసేసింది. మూట మళ్ళీ గట్టిగా ముడేసి, కుడి మోకాలు పట్టుకుని లేచింది.

"వాయిదా పడింటే, పడిందని ఆ జడ్జీనే చెప్పనీ. కోర్టు యాడుండాదో నడువు. నా పక్కన నడవద్దు. ముందర నడువు."

తలుపు తెరుస్తూనే ఆమె కుర్చీలో మనిషితో అంది: "కారు వచ్చిందంట కదా, దిగుతాండా." అతను సంతోషంగా కిందికి ఫోను చేశాడు. లిఫ్టు చూపించాడు. "నాకు దాంట్లో కడుపులో తిప్పుతాది," అని నల్లమ్మ మెట్ల వైపు తిరిగింది; అతను మాత్రం లిఫ్టులోనే దిగాడు. కింది అంతస్తులో హాలు వైపు పోకుండా సునంద వంటింట్లోకి మళ్ళింది. జాకబ్ పెనం మీద దోసె తిప్పుతున్నాడు. ఇద్దర్నీ చూశాడు. నల్లమ్మ కాళ్ళ వైపు, సునంద మొహం వైపు చూసి, గరిటె పక్కన పెట్టి పోయి వెనక గేటు గడియ తీశాడు. మళ్ళీ పెనం దగ్గరికి వచ్చి వీపు తిప్పుకున్నాడు.

కోర్టుకు కిలోమీటరు పైనే ఉంది. ఆటో అంటే నల్లమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకెవరి బండీ ఎక్కనంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సునంద నాలుగడుగులు ముందు నడుస్తూ, వెనక చెప్పుల చప్పుడు ఆగినప్పుడల్లా ఆగేది. ఒకసారి చెయ్యి అందించబోతే నల్లమ్మ తన చెయ్యి కొంగులో దాచుకుంది. సందుల్లో తిరిగి, ఆగి ఆగి పోయేసరికి పది దాటింది.

కోర్టు వరండాలో సమను చూసిన కానిస్టేబులు "ఇప్పుడే వచ్చినావా? నిన్నట్నించి నీ ఊరికి ఫోన్లు చేస్తాండాం. యాడ పోయినావమ్మా?" అని కసిరి, లోపలికి తీసుకుపోయాడు. వాయిదా లేదు. నల్లమ్మ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. కృతజ్ఞత ఏమీ లేదు ఆ చూపులో. లెక్క తేల్చుకోవాల్సిన మనిషిని గుర్తుపెట్టుకుంటున్నట్టు చూసింది.

సునంద వరండా స్తంభం పక్కన నిలబడింది. ఇప్పుడే పోతే ముసలామె తనంతట తనే పారిపోయిందని చెప్పొచ్చు. కేశవ నమ్మకపోయినా కాళ్ళు పట్టుకోవచ్చు. పోవాలనుకుంటూనే కిటికీ దగ్గరికి జరిగింది. అప్పుడే శశికుమార్ చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. ఆమెను చూసి ఆగాడు.

"ఇంత మర్యాద చేయమని నీకు ఎవురు చెప్పినారు?" అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "నీ ఊరు శింగనమల కదా. చెరువు కట్ట కిందనే కదా ఇల్లు." అని లోపలికి పోయాడు.

లోపల నల్లమ్మ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. "సూసినా సామీ. ఈ కండ్లతోనే సూసినా. బండి దిగింది ఆ పిల్లోడే. డ్రైవరు గాదు." కాసేపటికి డిఫెన్సు లాయరు లేచాడు. అతను టిప్పరు గురించి అడగలేదు.

"నువ్వు సోమవారం నుంచి ఏసీ హోటల్లో ఉన్నావా లేదా?"

"ఉన్న్యా."

"గొర్రెలు మేపుకునే నీకు ఏసీ గది ఎవరిచ్చారు? ఎర్రప్ప తాలూకు వాళ్ళే నిన్ను అక్కడ పెట్టి, తిండి పెట్టి, ఈ సాక్ష్యం నేర్పించి తీసుకొచ్చారు. అవునా, కాదా?"

కిటికీ చువ్వ పట్టుకున్న సునంద చెయ్యి బిగుసుకుంది. తను వేసిన చాప, తను రాసిన నూనె, తను పెట్టిన ముద్ద, అన్నీ ఆ ముసలామె మెడకు చుడుతున్నాడు అతను. కారెక్కితే ఒక రకంగా, ఎక్కకపోతే ఇంకో రకంగా. రెండింటికీ ముందే సిద్ధం చేసుకున్నారు.

"ఎవురు ఇచ్చినారో నాకు తెల్దు సామీ," అంది నల్లమ్మ. "కోర్టోళ్ళు ఇచ్చినారంటే నమ్మినా. తెలిసినామె బయట నిలబడుకోనుండాది. నన్ను ముంచిందీ ఆమే, ఈడికి తెచ్చిందీ ఆమే. పేరు సునంద. ఆమెను అడగండి."

లోపల కలకలం. ప్రభుత్వ లాయరు లేచి ఏదో అన్నాడు. డిఫెన్సు లాయరు అడ్డుచెప్పాడు. న్యాయమూర్తి ఇద్దర్నీ ఆపి, బయట ఉందేమో చూడమన్నారు.

సునంద అప్పటికే వరండా మెట్లు రెండు దిగింది. ఎదురుగా గేటు. గేటు అవతల రోడ్డు. అది దాటితే జనంలో కలిసిపోవచ్చు.

"సునందా... సునందా... సునందా..." బంట్రోతు పిలుపు వరండా అంతా మోగింది. చెట్టు కింద కూర్చున్నవాళ్ళు, టైపు మిషన్ల దగ్గర ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె పేరు ఇంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ పిలవలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. లోపలికి పోయేసరికి శశికుమార్ తలుపు పక్కనే ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చీర అంచు అతని బూటుకు తగిలింది. నల్లమ్మ ఇంకా బోనులోనే ఉంది. ఆమెను కిందికి దిగి బల్ల మీద కూర్చోమన్నారు. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. సునంద ఆగింది గానీ చెయ్యి చాచలేదు. నల్లమ్మే ఆమె భుజం పట్టుకుంది. పొద్దున కొట్టిన చోటే. బరువంతా వేసి దిగింది. తర్వాత వదిలేసి, మొహం చూడకుండా పోయి బల్ల మీద కూర్చుంది.

సునంద చేత ప్రమాణం చేయించారు. పేరు రాసుకున్నారు. హోటల్లో గదులు సర్దే పని అని చెప్పింది.

"ఈమెను ఆ గదిలో పెట్టింది ఎవరో నీకు తెలుసా?" అడిగారు న్యాయమూర్తి.

"తెలుసు సార్."

"చెప్పు."

కంప్యూటరు ముందున్న అమ్మాయి వేళ్ళు ఆగి ఎదురుచూస్తున్నాయి. సునంద తలుపు దగ్గరి తెల్లచొక్కా వైపు చూసింది, బల్ల మీది ముసలామె వైపు చూసింది. ముసలామె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ముందు నేను చేసింది చెప్తా సార్," అంది సునంద. "ఆ తర్వాత వాళ్ళు చేసింది చెప్తా."